ఫ్యూజు పోవడం ఆగింది, వాసన మొదలైంది

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. ఊరి పేరు, ఇంటి పేరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

వీరి తాతలు బొబ్బిలి వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. అన్నదమ్ములు ఇద్దరు. చుట్టుపక్కల సంతల్లో అల్లం, క్యాబేజీ, టమాటా కొని రాత్రికి పికప్ బండిలో వేసుకుని పొట్టంగి, సుంకి ఘాటీ అనే కొండదారి, సాలూరు మీదుగా రామభద్రపురం కూరగాయల మార్కెట్టుకు తెల్లవారేసరికి చేరుస్తారు. కొనుగోళ్లు, లెక్కలు ఈ ఉత్తరం రాసిన అన్నగారివి. బండి నడిపేది తమ్ముడు. బండి మీద అప్పు ఇంకా ఉంది, వాయిదాలు ఇద్దరూ కలిసి కడుతున్నారు.

ఘాటీలో హెడ్‌లైట్ల వెలుగు చాలడం లేదని తమ్ముడు కిందటేడు 100 వాట్ల బల్బులు వేయించాడు. క్యాబిన్ పైకప్పు మీద మరో రెండు లైట్లు బిగించి, వాటి వైరును హెడ్‌లైటు వైరుకే కలిపించాడు. అప్పటి నుంచి హెడ్‌లైటు ఫ్యూజు పోవడం మొదలైంది. మొదట నీలం రంగు ఫ్యూజు ఉండేది. అది నిలవకపోతే ఆకుపచ్చది పెట్టారు. అదీ ఒక వానరాత్రి ఘాటీలో, గతుకుల మలుపు దగ్గర పోయింది. బండిలో నిండా సరుకు, ఎదురుగా చీకటి. ఫోను చేస్తే తండ్రిగారి స్నేహితుడైన మెకానిక్, వీరు బాబాయి అని పిలిచే ఆయన, అంత రాత్రి మోటారు సైకిలు మీద వచ్చి, ఫ్యాను వైరులోని రాగి పోగులు మెలిపెట్టి ఫ్యూజు చోట చుట్టి పంపించారు. ఆ తర్వాత ఫ్యూజు సమస్య రాలేదు. కానీ ఘాటీ ఎక్కి వచ్చాక క్యాబిన్‌లో కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది. ఫ్యూజు బాక్సు ఒక మూల గోధుమ రంగుకు తిరిగి కాస్త వంగింది.

అదనపు లైట్లన్నీ పీకించేద్దామని అన్నగారు అన్నారు. "రాత్రిపూట నడిపేది నేను, నువ్వు పడుకుంటావు" అని తమ్ముడు అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరి మధ్య లెక్కలకు సంబంధించిన మాటలు తప్ప మరో మాట లేదు. ఆ దూరం ఇంట్లో ఆడవాళ్ల వరకూ వెళ్లింది. బండి అమ్మేసి గొడవ వదిలించుకోండని తండ్రిగారు అంటున్నారు. "మా ఇద్దరిలో ఎవరిది తప్పు? బండి అమ్మాలా? బాబాయి మనసు నొప్పించకుండా ఆ తీగ ఎలా తీయించాలి? తమ్ముడు ఒడియా మాధ్యమంలో చదువుకున్నాడు, తెలుగు చదవలేడు. మీ జవాబు నేనే చదివి వినిపిస్తాను" అని ముగించారు.

మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. అంతకన్నా ముందు ఒక పని ఉంది. ఈ జవాబు చదివిన రోజునే ఆ రాగి తీగ తీసేయండి. రాత్రికి లోడు ఉన్నా సరే, వేరే బండి మాట్లాడుకోండి. మిగిలిన విషయాలు మీరిద్దరూ నెల రోజులు తర్కించుకున్నా నష్టం లేదు. ఇది మాత్రం ఆగదు. తీసే ముందు 10 నంబరు స్పానరుతో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీయండి. మళ్లీ పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. ఒక్కో వైరు తన మందాన్ని బట్టి ఇంత కరెంటు వరకు మోయగలదు, అది దాటితే వేడెక్కి పైతొడుగు కరుగుతుంది. ఆ హద్దు రాకముందే తెగిపోవడానికి ఫ్యూజు. కంపెనీ పెట్టిన నీలం రంగు ఫ్యూజు 15 ఆంపియర్లది. ఎరుపు 10, పసుపు 20, ఆకుపచ్చ 30. ఇలాంటి చదునైన కాళ్ల ఫ్యూజులకు ఈ రంగులు అన్ని కంపెనీల బండ్లలోనూ ఒకటే. నీలం తీసి ఆకుపచ్చ పెట్టిన రోజున వైరు మారలేదు, దాని హద్దు మారలేదు, కాపలా మాత్రం రెండింతలు సడలింది. రాగి తీగ చుట్టాక కాపలా పూర్తిగా పోయింది. 1 మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ కరిగి తెగాలంటే సుమారు 80 ఆంపియర్లు కావాలి. సన్నని పోగులను మెలిపెట్టి చుట్టినప్పుడు అవి ఎంత దగ్గర తెగుతాయో చుట్టినవారికి కూడా తెలియదు. ఎక్కడైనా వైరు ఒరిసి బాడీకి తగిలితే ఇప్పుడు ముందుగా కరిగేది ఆ తీగ కాకపోవచ్చు. డ్యాష్‌బోర్డు లోపల మిగతా వైర్లతో కలిసి కట్ట కట్టి ఉన్న హెడ్‌లైటు వైరే కరగవచ్చు. అప్పుడు పోయేది లైట్లొక్కటే కాదు.

ఇక లెక్క చూద్దాం. మామూలు హెడ్‌లైటు బల్బు హై బీమ్‌లో, అంటే దూరానికి వేసే వెలుగులో, 60 వాట్లు. రెండింటికి 120, అంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు దీనికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఆగకుండా వెలిగే లైట్లకు ఫ్యూజు సామర్థ్యంలో 80 శాతానికి మించి వాడకూడదు. మీ తమ్ముడు వేయించినవి 100 వాట్లవి, రెండింటికి 200. పైకప్పు లైట్లు ఒక్కొక్కటి 55 వాట్లవని రాశారు, అవి 110. మొత్తం 310 వాట్లు, దాదాపు 26 ఆంపియర్లు. 10 ఆంపియర్ల కోసం వేసిన దారిలో 26 వెళుతున్నాయి. వేడి కరెంటు పెరిగినంతే పెరగదు, కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. మీ లెక్కన అదే వైరులో, అదే స్విచ్చులో పుట్టే వేడి మొదటికన్నా ఆరు రెట్ల పైమాటే. నీలం ఫ్యూజు పోవడంలో వింతేమీ లేదు, అది తన పని తాను చేసింది.

ఆకుపచ్చ ఫ్యూజు సంగతి వేరు. 26 ఆంపియర్లకు 30 ఆంపియర్ల ఫ్యూజు వెంటనే పోకూడదు. ఫ్యూజు మీద భారం కొద్దిగా మించితే అది గంటల తరబడి వేడెక్కుతూ అలాగే ఉంటుంది, రెట్టింపైతేనే కొన్ని సెకన్లలో తెగుతుంది. అది గతుకుల మలుపులో, వానలో పోయిందని మీరు రాసిన ఆ ఒక్క వాక్యం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. పైకప్పు లైట్ల వైరు క్యాబిన్ రేకుకు చేసిన రంధ్రం గుండా లోపలికి వస్తుంది కదా. ఆ రంధ్రానికి రబ్బరు బుష్ వేశారా? వేయకపోతే రేకు అంచు కుదుపు కుదుపుకూ వైరు తొడుగును కోస్తూ ఉంటుంది. కుదుపులో రాగి రేకుకు తగులుతుంది, వాన నీరు దానికి సాయపడుతుంది. నా అనుమానం అక్కడే. అక్కడ కాకపోతే రేడియేటరు పక్క నుంచి హెడ్‌లైటుకు వెళ్లే కట్ట దగ్గర. అదీ కాకపోతే ఎలుకలు. కూరగాయల బండిని గోదాము పక్కన నిలిపే ఎవరైనా బానెట్ కింద వైర్లు వారానికోసారి చూసుకోవాలి. ఎక్కడ ఒరిసిందో కనిపెట్టకుండా కొత్త ఫ్యూజు పెడితే అదీ పోతుంది, మళ్లీ ఎవరో ఒకరు తీగ చుట్టే రాత్రి వస్తుంది.

ఇప్పుడు మీ తమ్ముడి మాటకు వద్దాం. ఉత్తరం చదివినంతసేపూ మీరు అతని లైట్లను సోకుగా చూస్తున్నారనిపించింది. సుంకి ఘాటీలో అర్ధరాత్రి, పొగమంచులో, నిండు లోడుతో దిగే మనిషి వెలుగు చాలడం లేదని చెబితే నమ్మాలి. అతను చెప్పింది నిజం. ఆ నిజానికి అతను వెతుక్కున్న మందు మాత్రం తప్పు.

బండి కొత్తలో బాగున్న వెలుగు ఎందుకు తగ్గింది? బల్బు వాట్లు తగ్గలేదు. బ్యాటరీ నుంచి బల్బు దాకా ఉన్న దారిలో స్విచ్చు, ఫ్యూజు హోల్డరు, కనెక్టర్లు, బాడీకి బిగించిన ఎర్తు బోల్టు ఉంటాయి. మీ కొండల మీద వాన ఎక్కువ, తేమ ఎక్కువ. ఆ అతుకులు తుప్పు పట్టి, వదులై, కరెంటుకు అడ్డు పడతాయి. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉండాలి. బల్బు దగ్గరకు చేరేసరికి అందులో 2 వోల్టులు దారిలోనే పోవడం పాత బండ్లలో మామూలుగా చూసేదే. మీ హెడ్‌లైట్లలో ఉండే హాలోజన్ రకం బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. పోయిన ఆ 2 వోల్టులు ఎక్కడికీ మాయం కావు, అతుకుల దగ్గర వేడిగా మారతాయి. 10 ఆంపియర్ల కరెంటులో 2 వోల్టులు పోతే 20 వాట్ల వేడి. రేడియో బాగుచేసేవారు సీసం కరిగించడానికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అలాంటిదే మీ డ్యాష్‌బోర్డు లోపల ఎక్కడో వేడెక్కి కూర్చుంది.

అందుకే మీ ఇద్దరిలో ఎవరిది తప్పు అన్న ప్రశ్నకు నేను తీర్పు చెప్పలేను. తమ్ముడికి చాలని వెలుగు, మీకు వస్తున్న వాసన రెండూ ఒకే లోపం నుంచి పుట్టాయి. అతని కళ్లకు అందవలసినది మీ ముక్కుకు అందుతోంది. పెద్ద బల్బు వేస్తే ఆ తుప్పు పట్టిన అతుకుల మీదుగా ఇంకా ఎక్కువ కరెంటు వెళుతుంది, దారిలో ఇంకా ఎక్కువ వోల్టేజీ పోతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. 100 వాట్ల బల్బులు వేయించాక కూడా వెలుగు తాను అనుకున్నంత పెరగలేదేమో, తమ్ముడినే అడిగి చూడండి.

ఇంకో సంగతి. ఫ్యూజు బాక్సు మూల గోధుమ రంగుకు తిరిగిందన్నారు. అధిక కరెంటుతో పోయిన ఫ్యూజుకు మధ్యలోని సన్నని తీగ తెగి ఉంటుంది, షార్టు అయితే లోపల నల్లగా మాడి ఉంటుంది. అలా కాకుండా ఫ్యూజు కాళ్ల దగ్గరి ప్లాస్టిక్ మెత్తబడి, హోల్డరు రంగు మారిందంటే అక్కడి పట్టు వదులైందని గుర్తు. ఈ రెండో జబ్బును ఏ ఫ్యూజూ ఆపలేదు, ఎందుకంటే వదులు అతుకు దగ్గర కరెంటు పెరగదు, వేడి మాత్రమే పెరుగుతుంది. కాబట్టి తీగ తీసి సరైన ఫ్యూజు పెట్టినంత మాత్రాన మీ పని అయిపోదు. వేడికి ఒకసారి పట్టు కోల్పోయిన హోల్డరు కొర్రులు ఎంత నొక్కినా మళ్లీ గట్టిపడవు. ఆ హోల్డరును, దానికి అతికిన వైరు కొసను రంగు మారినంత వరకు కోసేసి కొత్తది వేయించాలి.

ఇక మీ ముందున్న దారులు. ఏది ఎంచుకోవాలన్నది మీ ఇద్దరిదే. ఒక్కోదానితో ఏమి వస్తుందో చెబుతాను.

మీరన్నట్టు అన్నీ పీకించి, మామూలు బల్బులు, నీలం ఫ్యూజు, కొత్త హోల్డరు వేయించడం ఒక దారి. ఒక పూటలో అయిపోతుంది, ఖర్చు కూడా తక్కువే. నిప్పు భయం దాదాపు తీరుతుంది. కానీ అతుకులు, ఎర్తు శుభ్రం చేయించకుండా ఇంతటితో ఆపితే తమ్ముడు మళ్లీ ఆ గుడ్డి వెలుగులోనే ఘాటీ దిగాలి. మలుపులో ఎదురు లారీ కనిపించకపోవడం కూడా ప్రాణం మీదికి వచ్చేదే. పైగా అన్న మాటే నెగ్గిందన్న కష్టం అతనిలో ఉంటే, మీకు తెలియకుండా ఇంకో షెడ్డులో మళ్లీ వేయిస్తాడు. ఈసారి వైరు మీ కంటపడని చోట ఉంటుంది.

రెండో దారి రిలేలు వేయించడం. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, విడదీసే స్విచ్చు. నా మొగ్గు దీనివైపే, దాచను. ఇప్పుడు లైట్ల కరెంటు అంతా స్టీరింగు దగ్గరి స్విచ్చు దాకా వెళ్లి వెనక్కి వస్తోంది. రిలే వేస్తే స్విచ్చు గుండా ఒక ఆంపియరులో నాలుగో వంతు కూడా వెళ్లదు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి మందమైన కొత్త వైరులో నేరుగా బల్బుకు చేరుతుంది. మామూలు 60 వాట్ల బల్బులతోనే కొత్త బండి నాటి వెలుగు, చాలా బండ్లలో అంతకన్నా మంచి వెలుగు వస్తుంది. తమ్ముడు అడిగినది అదే కదా. పైకప్పు లైట్లు కావాలనుకుంటే వాటికి వేరే రిలే, వేరే ఫ్యూజు, వేరే స్విచ్చు ఉండాలి. హెడ్‌లైటు వైరుకు తగిలించకూడదు. అవి ఎదురు బండి లేని చోట మాత్రమే వాడేవి. పొగమంచులో ఎత్తు నుంచి పడే వెలుగు మంచు మీదే పడి తిరిగి కళ్లలోకి కొడుతుంది కాబట్టి అప్పుడు వాటిని ఆర్పడమే మేలు.

ఈ పనిలో నష్టమూ ఉంది. బాగా చేస్తే బాగుంటుంది, చెడ్డగా చేస్తే పాత చెడ్డ అతుకులకు ఇంకో పది కొత్త చెడ్డ అతుకులు చేరతాయి. అందుకని పని జరిగేటప్పుడు మీరిద్దరూ పక్కన నిలబడి కొన్ని చూసుకోండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి వచ్చే ప్రతి కొత్త వైరుకూ జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరుకు రక్షణ ఉండదు కనుక అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. వైరు బండ్ల కోసం చేసినదే కావాలి, ఇంటి వైరింగుది వద్దు. ఇంటి వైరు తొడుగు ఇంజను వేడికి తట్టుకోదు, ఒంటి తీగ వైరైతే కుదుపులకు లోపలే విరుగుతుంది. హెడ్‌లైట్ల దారికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు అడగండి. వైరు కొసలను మెలిపెట్టి టేపు చుట్టడం ఎక్కడా ఒప్పుకోకండి, సరైన టెర్మినల్ వేసి నొక్కే పనిముట్టుతో బిగించి, మీద స్లీవు వేయమనండి. ఉత్త టేపు జిగురు మీ వానల్లో ఒక్క సీజను కూడా నిలవదు. రేకులో ప్రతి రంధ్రానికీ రబ్బరు బుష్. ఎర్తు వైరును రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించి, పైన గ్రీజు రాయాలి. వెలుగు తగ్గిందని వచ్చే బండ్లలో చాలావాటి జబ్బు ఆ ఎర్తు దగ్గరే ఉంటుంది, కానీ అందరూ పాజిటివ్ వైపే వెతుకుతారు.

ఎల్ఈడీ బల్బులు వేస్తే సరిపోదా అని తమ్ముడు అడగవచ్చు. అవి తక్కువ కరెంటు తీసుకుంటాయి, నిజమే, వైరు మీద భారం తగ్గుతుంది. కానీ హాలోజన్ కోసం చేసిన అద్దంలో చవక ఎల్ఈడీ వేస్తే వెలుగు రోడ్డు మీద పడవలసిన చోట పడక చెదిరిపోతుంది. ఎదురు డ్రైవరు కళ్లు చెదురుతాయి. ఘాటీ మలుపులో ఎదుటివాడు గుడ్డివాడైతే ప్రమాదం ఇద్దరికీ. అందుకే దీన్ని నేను ఇష్టపడను.

అమ్మేయమన్న నాన్నగారి మాట గురించి. ఆయన బాధ బండి గురించి కాదు, మీ ఇద్దరి మౌనం గురించి అనిపిస్తోంది. అప్పు ఉన్న బండి అమ్మాలంటే మిగిలిన అప్పు తీర్చి, ఫైనాన్స్ వాళ్ల నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఆర్‌సీ మీద తనఖా కొట్టివేయించాలి. కాలిన ఫ్యూజు బాక్సు చూపిస్తే ధర పడిపోతుంది, దాచి అమ్మితే ఆ నిప్పును ఇంకొకరి ఇంటికి పంపినట్టే. పైగా రేపు కొత్త బండి కొన్నా ఘాటీ అదే, చీకటి అదే. ఆరు నెలల్లో దాని మీదా లైట్లు ఎక్కుతాయి. వ్యాపారం మానేయాలనుకుంటే తప్ప ఈ దారిలో మీ సమస్య తీరదు.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. బీమా పాలసీ, వారంటీ పుస్తకం తీసి, కంపెనీ వైరింగును కోసి కలిపిన పనుల గురించి ఏమి రాసి ఉందో చదవండి. నిప్పు వల్ల నష్టం జరిగితే సర్వేయరు ముందుగా చూసేది ఇలాంటి అతుకులనే. సరుకు రవాణా బండికి 8 ఏళ్లు నిండే వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా, అక్కడా లైట్లు చూస్తారు.

బాబాయి విషయం. వానలో, అర్ధరాత్రి, మోటారు సైకిలు మీద ఘాటీ దాకా వచ్చిన మనిషి ఆయన. ఆ రాత్రి మీ సరుకును, మీ తమ్ముడిని ఘాటీ దాటించారు. అది మరచిపోయి మాట్లాడితే ఆయన నొచ్చుకోవడం న్యాయమే. ఆయనతో "మీరు తప్పు చేశారు" అనవలసిన అవసరమే లేదు. "ఆ రాత్రికి కట్టిన కట్టు ఇది, ఇప్పుడు పూర్తిగా బాగుచేయిద్దాం, మీ షెడ్డులోనే చేయిద్దాం" అనండి. ఇంజను, గేరుబాక్సు పనిలో ఆయనకు ఎంత చేయి ఉన్నా వైరింగు వేరే విద్య. సాలూరు లారీలకు పేరున్న ఊరు, అక్కడ లారీల వైరింగే చేసే ఎలక్ట్రీషియన్లు ఉంటారు, జయపురంలోనూ దొరుకుతారు. ఒకరిని బాబాయి షెడ్డుకు పిలిపించండి. పిలిచేది మీరైతే ఆయనకు పోటీని తెచ్చినట్టు అనిపించవచ్చు. ఎవరిని పిలవాలో ఆయననే చెప్పమనండి. ఒకవేళ ఆయన "ఏమీ కాదు, ఇన్నాళ్లూ నడిచింది కదా" అని తీగ తీయడానికి ఒప్పుకోకపోతే మాత్రం మొహమాటపడకండి. ఆయన గౌరవానికి ఒక హద్దు ఉంది, మీ తమ్ముడి ప్రాణం దాని అవతల ఉంది.

ఇకముందు అలాంటి రాత్రి రాకుండా బండిలో ఒక చిన్న డబ్బా పెట్టండి. అందులో 10, 15, 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండేసి, వైరులో కరెంటు ఉందో లేదో చూపే ఒక టెస్ట్ లాంపు, ఒక టార్చి, 10 నంబరు స్పానరు. ఫ్యూజు పోయి చేతిలో కొత్తది లేకపోతే, ఫ్యూజు బాక్సు మూత మీది బొమ్మ చూసి, రేడియోదో మరో అవసరం లేనిదో అదే ఆంపియర్ల ఫ్యూజు తీసి ఇక్కడ పెట్టుకోవచ్చు. అదీ వెంటనే పోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతోందని అర్థం, ఇంకొకటి పెట్టకూడదు. మంట ఆర్పే ఒక కిలో పొడి సిలిండరు సీటు వెనక కాకుండా డ్రైవరు చేతికందే చోట ఉండాలి. ఘాటీలో వాసన వస్తే తమ్ముడు చేయవలసినది ఇది. బండి వెడల్పు చోట పక్కకు ఆపి, లైట్లు ఆర్పి, ఇంజను ఆపి, టార్చి వెలుగులో బ్యాటరీ నెగెటివ్ ఊడదీయాలి. చాలా బండ్లలో తాళం చెవి తీసినంత మాత్రాన హెడ్‌లైటు వైరుకు కరెంటు ఆగదు. బానెట్ సందులోంచి పొగ వస్తుంటే మూత పూర్తిగా ఎత్తకూడదు, గాలి తగిలితే మంట లేస్తుంది. కొద్దిగా ఎత్తి సిలిండరు కొట్టాలి, నీళ్లు పోయకూడదు. మంట కనిపిస్తే సరుకు సంగతి మరచి బండికి దూరంగా వెళ్లాలి, వెనక వచ్చే బండ్లను ఆపాలి.

ఇప్పుడు మీతో ఒక మాట. దీన్ని చదివి వినిపించేటప్పుడు మొదటి సగం గట్టిగా, రెండో సగం మెల్లగా చదవకండి. తమ్ముడికి అనుకూలంగా ఉన్న మాటలనూ అదే గొంతుతో చదవండి. చదివాక లైట్లు పీకేద్దామా అని అడగకండి. ఘాటీలో ఏ మలుపు దగ్గర నీకు కనిపించడం లేదని అడగండి. బాగుచేయించాక మొదటి రాత్రి మీరు కూడా క్యాబిన్‌లో కూర్చుని వెళ్లండి, తెల్లవారే దాకా మేలుకుని. "నువ్వు పడుకుంటావు" అన్న మాటకు మీరు ఇంట్లో కూర్చుని ఎంత చెప్పినా జవాబు కాదు. ఖర్చు కూడా వాయిదాలతో పాటు ఇద్దరూ సగం సగం పెట్టుకోండి. లైట్లు వేయించింది అతనే కాబట్టి అతనే కట్టాలన్న ఆలోచన ఉంటే మానండి, పాత అతుకులు ఇద్దరి బండివి. ఇంట్లో ఆడవాళ్ల మాట సంగతి నేను ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు, అది మీ ఇద్దరి మాటను బట్టి ఉంటుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజున ఒక పని చేయించండి, పాత వైరింగు విప్పక ముందే. నష్టం లేని సరైన నీలం ఫ్యూజు తాత్కాలికంగా వేసి, మామూలు బల్బులు పెట్టి, పైకప్పు వైరు విడదీసి, ఇంజను నడుపుతూ హై బీమ్ వేయమనండి. వోల్టులు కొలిచే మల్టీమీటరు ఎర్ర కొస బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల కొస బల్బు పాజిటివ్ కాలి మీద పెట్టి చూస్తే అర వోల్టుకు మించకూడదు. తర్వాత ఎర్ర కొస బల్బు ఎర్తు కాలి మీద, నల్ల కొస బ్యాటరీ నెగెటివ్ మీద. ఇక్కడ 0.2 వోల్టులు దాటితే ఎర్తు చెడింది. బ్యాటరీ రెండు కొసల మధ్య ఎంత ఉందో కూడా చూడమనండి. 15 వోల్టులు దాటితే, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరులో వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు పోయినట్టు, అప్పుడు కొత్త వైరింగు వేసినా బల్బులు, బ్యాటరీ నిలవవు. ఈ మూడు అంకెలు తమ్ముడే స్వయంగా చదివి ఒక కాగితం మీద రాయాలి, ఒడియాలో రాసినా పర్వాలేదు. పని పూర్తయ్యాక ఇవే మూడు మళ్లీ చూసి పక్కన రాయండి. రెండు వరుసలూ నాకు పంపితే, తగ్గవలసినవి తగ్గాయో లేదో, ఇంకా ఏ అతుకు మిగిలిపోయిందో చెప్పగలను.